ఒకటో నంబరు ఇంజను పలక

బెంగళూరు నగర్తపేటలో హేమలత దుకాణానికి వచ్చేవాళ్ళు మామూలుగా అడిగేది ఒకటే, పలక తళతళ మెరవాలని. ఇంటి పేర్లు, డాక్టర్ల పేర్లు, స్కూళ్ళలో పంచే షీల్డులు, ఏదైనా సరే, కొత్తదిలా కనబడాలి. ఆ మంగళవారం పొద్దున వచ్చిన మనిషి మాత్రం పాతదిలా కనబడాలన్నాడు.

"నూరేళ్ళ నాటిదిలా ఉండాలి మేడమ్. రెండూ పక్కపక్కన పెడితే ఏది అసలుదో ఏది నకలో మీరు కూడా చెప్పలేకపోవాలి."

భుజానికున్న సంచిలోంచి తువ్వాలులో చుట్టిన ఇత్తడి పలక తీసి బల్ల మీద పెట్టాడు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, కోడిగుడ్డు ఆకారం. అంచు వెంబడి ఇంగ్లీషులో 'సోమరేవు డాక్ రైల్వే' అని అక్షరాలు. మధ్యలో పెద్ద ఒకటి అంకె. కింద 1909.

అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయి. పేరు లలిత్ అన్నాడు. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. సోమరేవు అనేది ఆంధ్ర తీరాన చిన్న పోర్టు అని, అక్కడ గిడ్డంగుల నుంచి జెట్టీ దాకా వెళ్ళే పాత డాక్ రైలు పట్టాలు ఇంకా కిలోమీటరున్నర మిగిలాయని, తనలాంటి కొందరు ట్రస్టు పెట్టి ఆదివారాలు ఆవిరి ఇంజనుతో జనాన్ని తిప్పుతున్నారని చెప్పాడు. ఈ పలక ఆ ఇంజనుది. పోర్టులో దొంగతనాలు ఎక్కువట. ఇంజనుకి నకలు బిగించి, అసలుది లాకర్‌లో పెడతారట.

"ఎవురి లాకర్లో?" అంది హేమలత.

అతను ఒక్క క్షణం ఆలస్యంగా, "ట్రస్టుది," అన్నాడు.

"అయితే ట్రస్టు వాళ్ళ లెటర్ ఒకటి తెచ్చిస్తారా సార్?"

"లెటర్ కష్టం మేడమ్. ఇది బయటికి పొక్కకూడదు. అందుకే కదా ఇంత దూరం వచ్చి బెంగళూరులో చేయిస్తోంది."

"సరే. పలక పెట్టిపోతా ఉండారు గదా, చీటీ రాసిస్తా, ఉండండి."

"చీటీ ఎందుకు మేడమ్, మీ మీద నమ్మకం ఉంది," అని నవ్వి, ఫోన్ నంబర్ చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మొదటిసారి చూసినప్పుడే నమ్మకం ఉందన్న మనిషి హేమలతకు అంతకుముందు ఒక్కడే తగిలాడు. నాలుగేళ్ళ కిందట. ఒక పల్లె గుడి దీపపు సెమ్మెకి నకలు పోయించుకున్నాడు, ఉత్సవాల్లో అసలుది అరిగిపోతోందని చెప్పి. నకలు గుళ్ళో నిలబెట్టి, అసలుది ఎక్కడో అమ్ముకున్నాడు. పోలీసులు మొదట వచ్చింది హేమలత దగ్గరికే. పదకొండు రోజులు దుకాణానికి సీలు వేశారు. స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు పక్క వీధి వాళ్ళు చూసీ చూడనట్టు వెళ్ళిపోవడం ఆమె మరిచిపోలేదు. చివరికి ఆమె తప్పేమీ లేదని తేలింది గానీ, ఆ మాట చెప్పడానికి మాత్రం ఎవరూ ఇంటికి రాలేదు.

ఆమె పలకని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగుకి ఏటవాలుగా పట్టింది. ముప్పై ఏళ్ళ పనిలో ఆమె వేళ్ళు కళ్ళకన్నా ముందు చూస్తాయి. ఒకటి అంకె పక్కనుంచి కింది అంచు దాకా వెంట్రుక లాంటి గీత తగిలింది. పగులు కాదు. వెనక్కి తిప్పి చూసినా చీలిక లేదు. పైకి మాత్రమే ఉన్న, ఇత్తడితో పాటు పుట్టిన గీత.

విరిగిన పలకని మైనంతో అతికించి, దాన్నే ఇసకలో ఒత్తి, ఆ అచ్చులో కొత్తగా పోస్తే అట్లాంటి గీత పడుతుంది. అంటే లలిత్ తెచ్చిన అసలుదే నకలు. నకలుకి నకలు చేయించుకుంటూ దాన్ని అసలుదంటున్నాడు.

"మారప్పన్నా, ఒకసారి ఇట్ల రా," అని పిలిచింది.

మారప్ప ఆ దుకాణంలో అచ్చులు ఒత్తే మనిషి. దొడ్డబళ్ళాపురంలో నేతపని వాళ్ళ ఇంట్లో పుట్టి, మగ్గం వద్దనుకుని ఇరవయ్యో ఏట హేమలత తండ్రి మునినారాయణప్ప దగ్గర చేరాడు. మునినారాయణప్ప పోయి పదేళ్ళయింది, మారప్పకు అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, అయినా ఇసక ఇంకొకరి చేతికి ఇవ్వడు. చేతులు పంచెకి తుడుచుకుంటూ వచ్చి పలక వైపు చూశాడు.

"నాకేం తెల్దమ్మా," అన్నాడు.

హేమలత ఇంకా ఏమీ అడగనే లేదు.

*

మధ్యాహ్నం ఆమె ఫోన్లో సోమరేవు రైలు గురించి వెతికింది. పేజీ ఉంది, ఫోటోలు ఉన్నాయి. నల్లటి పొట్టి ఇంజను, వెనక రెండు పెట్టెలు, కిటికీల్లో పిల్లల తలలు. ఇంజను పక్కన ఇదే పలక. 'నూట పదిహేనేళ్ళ ఒకటో నంబరు, తీరంలో ఇంకా నడుస్తున్న అతి పాత డాక్ ఇంజను' అని రాసి ఉంది. కింద ఫోన్ నంబరు. చేసింది.

ఎత్తిన ఆవిడ పేరు వరూధిని. ట్రస్టు అధ్యక్షురాలినని చెప్పింది.

"ఇంజను మీద ఒక ఇత్తడి పలక ఉంటాది గదమ్మా, దానికి నకలు చేయించాలని మీరేమన్నా అనుకున్నారా?"

"నకలా? లేదండీ. దాన్ని పాలిష్‌కి ఇచ్చాం. ఇక్కడే, పోర్టు వర్క్‌షాపులో. లలిత్ గారు చూసుకుంటున్నారు." అవతల గొంతు ఆగి, గట్టిపడింది. "మీరెవరండీ? ఎక్కడి నుంచి?"

హేమలత ఫోన్ పెట్టేసింది. వెంటనే పొరపాటు చేశానని అనిపించింది. ఇప్పుడు అవతలివాళ్ళ దగ్గర తన నంబరుంది. రేపు ఏదైనా జరిగితే, దొంగ పలక దగ్గరున్న మనిషే ఫోన్ చేసి ఆరా తీసి పేరు చెప్పకుండా పెట్టేసిందంటారు. స్టేషన్ వరండా కళ్ళ ముందు కదిలింది.

పలకని తువ్వాలులోనే చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది. లలిత్‌కి ఫోన్ చేసి వచ్చి తీసుకుపొమ్మని చెబుదామనుకుంది. కానీ అతను వచ్చి తీసుకుపోయి, ఇంకో వీధిలో చేయించుకుని, రేపు పట్టుబడితే మొదట వెళ్ళింది ఈ దుకాణానికే అంటాడు. ఉంచుకుంటే ఒక తంటా, ఇచ్చేస్తే ఒక తంటా.

బుధవారం పదకొండింటికి కిటికీలోంచి చూస్తే, ఎదురుగా టీ కొట్టు దగ్గర లలిత్ నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు ఉంది, తాగడం లేదు. దుకాణం బోర్డుని ఫోన్‌తో ఫోటో తీశాడు. లోపలికి మాత్రం రాలేదు. అరగంట నిలబడి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా హేమలతకు పని మీద మనసు నిలవలేదు. ఒక డెంటిస్టు పేరులో అక్షరం తప్పు చెక్కింది.

గురువారం దుకాణం తీయడం మారప్ప వంతు. అతని దగ్గరా తాళాలుంటాయి. అడగకముందే తెల్దన్న అతని మాట మనసులో మెదులుతుండడంతో హేమలత ఆ రోజు కావాలనే ముందుగా వచ్చింది. మెట్ల మీదుండగానే ఆకురాయి గీస్తున్న చప్పుడు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు.

తలుపు తోసింది. బీరువా తెరిచి ఉంది. మారప్ప పలకని బోర్లించి మోకాళ్ళ మధ్య పట్టుకుని, వెనక మూల ఆకురాయితో రుద్దుతున్నాడు. ఆమెను చూసి అట్లాగే ఆగిపోయాడు.

"ఏం చేస్తా ఉండావు?"

ఆమె పలక లాక్కుని చూసింది. వెనక మూలలో, మొన్న చీలిక కోసమే వెతుకుతూ ఆమె చూసుకోని మూడు చుక్కలు, పొయ్యికి మూడు రాళ్ళు పెట్టినట్టు. ఒక చుక్క సగం అరిగింది. ఆ మూడు చుక్కలు ఆమెకు బాగా తెలుసు. మునినారాయణప్ప పోత పోసిన ప్రతి వస్తువు వెనకా, అచ్చులో పుల్లతో పొడిచి పెట్టేవాడు.

నిన్నటి నుంచి అనుమానించాల్సిన మనిషి టీ కొట్టు దగ్గర ఉన్నాడనుకుంది. ఇంట్లోనే ఉన్నాడు.

"ఆ లలిత్ నీకు తెలుసా?"

"దేవుని సాక్షిగా తెల్దమ్మా."

"మరి బీరువా తాళమెందుకు తీసినావు? ఎవురు చెప్పినారు రుద్దమని?"

"ఎవురూ చెప్పలా. పోలీసులొస్తే మన గుర్తు చూస్తారని భయమేసింది. పోయినసారి నువ్వు పడిన పాట్లు నేను చూడలేదా?" మారప్ప కింద కూలబడ్డాడు. "ఇది మనమే పోసినాం అమ్మా. మీ నాయన, నేను. తొంభైలో. అప్పుడు నువ్వు బడికి పోతా ఉండావు."

ఒక మనిషి గోనెసంచిలో రెండు ముక్కలు కట్టుకుని వచ్చాడట. వాటిని అతికించి కొత్తది పోసిమ్మన్నాడు. అర్జెంటన్నాడు. మునినారాయణప్ప ఆ మనిషిని బయటికి తీసుకుపోయి చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో మారప్ప వినలేదు. తిరిగి వచ్చి, చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టి కొలిమి వెలిగించమన్నాడు.

"నాయన తెలిసే చేసినాడా?"

"అది నేనెట్ల చెప్పేది?"

సెమ్మె గొడవలో ఇన్‌స్పెక్టరు ముందు హేమలత చెప్పుకున్న మాట ఒకటే. మా నాయన కాలం నుంచి ఈ దుకాణంలో దొంగపని జరగలేదు సార్, అని.

"ఆ మనిషి ఇప్పుడుండాడా?"

"ఉండాడు. పద్మనాభం ఆయన పేరు. రిటైరైనాక అక్క కూతురింటికి వచ్చేసినాడు, బొమ్మనహళ్ళికి. ప్రతి ఏడూ కరగ ఉత్సవానికి వచ్చినప్పుడు నన్ను పలకరించి పోతాడు."

"లే. పోదాం పద."

*

మార్కెట్లో బస్సెక్కారు. పలక హేమలత ఒళ్ళో, కూరగాయల సంచిలో ఉంది. సిల్క్ బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడు పక్కన ఒక స్కూటర్ కనబడింది. నల్ల హెల్మెట్, భుజానికి సంచి. బొమ్మనహళ్ళిలో దిగి గార్మెంట్ ఫ్యాక్టరీ పక్క సందులోకి తిరుగుతూ వెనక్కి చూస్తే, అదే స్కూటర్ మెడికల్ షాపు ముందు ఆగి ఉంది. మారప్పకి చెప్పలేదు. చెబితే అతను అక్కడే నిలబడిపోతాడని భయం.

రెండో అంతస్తులో వరసగా అద్దె గదులు. చివరి గది తలుపు ఓరగా తెరుచుకుంది. ఎండిన చెరుకుగడలాంటి పొడవాటి ముసలాయన. మెడకు మఫ్లరు. మారప్పని చూసి నవ్వబోయి, పక్కన హేమలతని చూసి ఆగాడు.

"ఎవరండీ ఆవిడ?"

"మునినారాయణప్ప బిడ్డ అన్నా."

ఆమె సంచిలోంచి పలక అంచు పైకి తీసింది. పద్మనాభం తలుపు మూయబోయాడు.

"నాకేం తెలీదండీ. అదెక్కడిదో నాకు తెలీదు. మా అక్క కూతురు మమత పనికెళ్ళింది, ఇంట్లో ఎవరూ లేరు, తర్వాత రండి. మిమ్మల్ని పోర్టాఫీసు వాళ్ళు పంపించారా?"

"నన్నెవురూ పంపలా పెద్దాయనా. మా నాయన దొంగపని చేసినాడా లేదా, ఆ ఒక్క మాట చెప్పండి, పోతాను."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. లలిత్ వచ్చాడు, హెల్మెట్ చేతిలో పట్టుకుని, ఆయాసపడుతూ.

"నాకూ అదే కావాలి," అన్నాడు. "అసలు పలక ఎక్కడ అమ్మారు? ఎవరికి అమ్మారు?"

హేమలత గిర్రున తిరిగింది. "అమ్మిందెవురు? నీ ట్రస్టుకి పాలిషని చెప్పి, నా దగ్గర నకలని చెప్పి, తిరగతా ఉండేది నువ్వా నేనా?"

"వరూధిని గారికి ఫోన్ చేసింది మీరేనా? అనుకున్నాను." లలిత్ హెల్మెట్ కింద పెట్టాడు. "ఆవిడకి నిజం ఎందుకు చెప్పలేదంటే నాకు ఆవిడ మీదా అనుమానమే. మేడమ్, పాత డ్రాయింగు దొరికింది మాకు. పలక కొలతలున్నాయి అందులో. ఇది ఏడు మిల్లీమీటర్లు తక్కువ. అంటే మా ఇంజను మీద ఉన్నది అసలుది కాదు. ఎవరో మార్చేశారు. వెనక మూడు చుక్కలు చూసి నగర్తపేటలో నాలుగు దుకాణాలు అడిగాను. మునినారాయణప్ప గారి గుర్తు అన్నారు. అందుకే నకలు కావాలని మీ దగ్గరికి వచ్చా. ఇలాంటివి చేసేవాళ్ళైతే సరేనంటారని."

"నేను సరేనన్నానా?"

"లెటర్ అడిగారు. భయపడి అడుగుతున్నారనుకున్నా."

"లెటర్ అడిగేవాళ్ళు దొంగలా? బాగుండాదప్పా నీ లెక్క!" ఆమె గొంతు పెరిగింది. పక్క గది తలుపు తెరుచుకుని ఎవరో తొంగి చూశారు.

పద్మనాభం తలుపు పూర్తిగా తెరిచాడు. "గొడవ చేయకండి. ఇంటి ఓనరు కిందే ఉంటాడు. లోపలికి రండి."

ఒకే గది. మంచం, కుక్కర్, గోడకి మమత ఫ్యాక్టరీ కార్డు. ఆయన మంచం మీద కూర్చుని, ముగ్గురినీ నేల మీద చాపలో కూర్చోమన్నాడు. చాలాసేపు పలక వైపే చూశాడు.

"ఏడు మిల్లీమీటర్లు తగ్గుతుందని మీ నాన్న ముందే చెప్పాడమ్మా," అన్నాడు చివరికి. "ఇత్తడి చల్లారితే కుంచించుకుపోతుంది, పాతదాన్నే అచ్చుగా వాడితే తేడా వస్తుంది, ఫరవాలేదా అని అడిగాడు. కొలిచేవాడెవడు లెండి అన్నాను. ముప్పై అయిదేళ్ళకి వచ్చాడు కొలిచేవాడు."

ఆయన పాతికేళ్ళు సోమరేవు డాక్ రైలు షెడ్డులో ఫిట్టరు. ఆయన చేరిన రోజుల్లో జెట్టీకి రోజూ వ్యాగన్లు వెళ్ళేవి, బెల్లం, పొగాకు, వేరుశనగ బస్తాలతో. దూరంగా ఆగిన ఓడల దగ్గరికి పడవల మీద సరుకు చేరేది. తర్వాత రేవు ముఖద్వారం ఇసకతో పూడింది. ఓడలు పెద్ద పోర్టులకు మళ్ళాయి. మిగిలిన సరుకు లారీలెక్కింది. పట్టాల మీద బెస్తవాళ్ళు చేపలు ఎండబెట్టుకునేవారు. చివరికి తొంభైలో ఆర్డరు వచ్చింది. షెడ్డులో రెండు ఇంజన్లు మిగిలాయి. మొదటిది గనక ఒకటో నంబరుని ఆఫీసు ముందు దిమ్మె మీద పెట్టాలి. మూడో నంబరుని తుక్కు కింద కోసేయాలి.

"ఒకటో నంబరుకి పేరు తప్ప ఏమీ మిగల్లేదండీ," అన్నాడు పద్మనాభం. "అడుగు చట్రం పగిలిపోయింది. బాయిలరుకి తూట్లు. రంగు వేసి నిలబెడితే బొమ్మలా ఉంటుంది, ఇంకెన్నడూ కదలదు. మూడోది నిన్నటి దాకా బండి లాగింది. దాని బాయిలరు నా చేతుల్తో మార్చాం, అయిదేళ్ళు కూడా కాలేదు. ఒక్కటే మిగలాలి అన్నప్పుడు, నడిచేది మిగలాలా నడవనిది మిగలాలా? మా ఫోర్‌మన్‌ని అడిగా. ఆయన కాగితం ప్రకారం పొమ్మన్నాడు."

కాగితం నంబరుని చూస్తుంది. కాబట్టి పద్మనాభం నంబర్లు మార్చాడు. మూడో దాని పలక తేలిగ్గానే ఊడింది. ఒకటో దాని పలక మాత్రం తుప్పు పట్టిన బోల్టులు విప్పుతుంటే రెండు ముక్కలైంది. ఆ ఊళ్ళో చేయిస్తే అందరికీ తెలుస్తుంది. బెంగళూరులో అక్క ఉంది. సెలవు పెట్టి బండెక్కాడు.

"మునినారాయణప్ప మొదట చేయనన్నాడు. నిజం చెబితే చూస్తానన్నాడు. బయట నిలబడి మొత్తం చెప్పాను. ఇందులో మీకేమన్నా లాభముందా అని అడిగాడు. లేదన్నాను. దొరికితే ఉద్యోగం పోతుందా అన్నాడు. పోతుందన్నాను. అప్పుడు లోపలికి వెళ్ళి కొలిమి వెలిగించమన్నాడు."

హేమలత తల వంచుకుంది. తండ్రి దొంగపని చేయలేదని ఆమె అనుకోలేకపోయింది. చేశాడు. కానీ అడగకుండా చేయలేదు. ఆ తేడా ఎంతదో ఆమెకు అప్పటికప్పుడు తెలియలేదు గానీ, మూడు రోజులుగా బిగుసుకుపోయి ఉన్న మెడ కొంచెం వదులైంది.

లలిత్ ఇంకా నమ్మలేదు. "రుజువేంటండీ?"

"కడ్డీల మీద రంగు గీకి చూశారా? చక్రాలని కలిపే పొడుగు కడ్డీలు. ప్రతిదాని మీదా ఇంజను నంబరు గుద్ది ఉంటుంది. వాటిని మార్చడం నా వల్ల కాలేదు. పుట్టీ పూసి రంగేశాను."

"మూడు," అన్నాడు లలిత్ మెల్లగా. "చూశాం. వేరే ఇంజను నుంచి తెచ్చి వేసిన కడ్డీలనుకున్నాం. దిమ్మె మీంచి దించి బాయిలరు విప్పిన రోజు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆశ్చర్యపోయాడు, వందేళ్ళ ఇంజనుకి ఇంత గట్టి రేకు ఎక్కడిదని. ఏదో అదృష్టం అనుకున్నాం."

"అసలు పలక ముక్కలేమైనాయి?" అని హేమలత అడిగింది.

"జెట్టీ చివర నీళ్ళలో పడేశాను." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. ఆయన నిజం చెప్పాడో లేదో ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. ఎవరూ రెట్టించలేదు.

కాసేపటికి లలిత్ అన్నాడు, "వచ్చే నెల హెరిటేజ్ గుర్తింపు కోసం తనిఖీకి వస్తున్నారు. అప్లికేషన్ నిండా ఒకటో నంబరు, 1909 అనే రాశాం. ఇది బయటపడితే మమ్మల్నెవరు నమ్ముతారు? మేడమ్, కొలత సరిపోయేలా ఒక పలక పోసిస్తే... ఆ ఏడు మిల్లీమీటర్లు కలిపి..."

"పోయను," అంది హేమలత.

"ఎవరికీ నష్టం లేదు మేడమ్."

"నాకుండాది. మా నాయనకి ఈయన నిజం చెప్పినాడు, ఆయన చేసినాడు. నువ్వు నిజం దాచమంటా ఉండావు. నేను చెయ్యను. ఇంకెవురి దగ్గరన్నా చేయించుకుంటే, వరూధినమ్మకి మళ్ళీ ఫోన్ చేస్తా. ఈసారి పేరు చెప్తా."

లలిత్ పద్మనాభం వైపు చూశాడు. ముసలాయన మఫ్లరు సవరించుకున్నాడు.

"నన్ను జైల్లో వేస్తారా బాబూ?"

"వేయరనుకుంటానండీ."

"అనుకుంటావా, తెలుసా?"

"తెలీదు," అని ఒప్పుకున్నాడు లలిత్.

"అయినా చెప్పెయ్యి. చెప్పకుండా ఇన్నేళ్ళూ మొయ్యడం నా వల్ల అయింది గానీ, నా తర్వాత ఇంకొకడి నెత్తిన పెట్టలేను."

లలిత్ పలక తీసుకుని వెళ్ళిపోయాడు. ఈసారి హేమలత చీటీ మీద అతని సంతకం తీసుకుంది.

*

మూడు వారాలు ఏ కబురూ లేదు. హేమలత నగర్తపేటలో తెలిసిన పోత దుకాణాలన్నీ ఒక్కొక్కటే విచారించింది, ఎవరైనా అట్లాంటి పలక చేయించుకోవడానికి వచ్చారా అని. రాలేదన్నారు. అయినా నమ్మకం కుదరలేదు. బెంగళూరు కాకపోతే ఇంకో ఊరుంది. రోజూ ట్రస్టు పేజీ తెరిచి చూసేది. ఇంజను బొమ్మ కింద అదే రాత, ఒకటో నంబరు, 1909. మారప్ప మాత్రం, "ఆ పిల్లోడు చెప్తాడమ్మా," అనేవాడు. నీకెట్ల తెలుసంటే, పోయేటప్పుడు మెట్ల మీద వెనక్కి చూసినాడు అనేవాడు. అదేం రుజువో ఆమెకు అర్థం కాలేదు.

నాలుగో వారం వరూధినే వచ్చింది. యాభై దాటిన మనిషి, కాటన్ చీర, చేతిలో ఫైలు. దుకాణం మెట్లెక్కి, బోర్డు చదివి, "ఫోన్ పెట్టేసింది మీరేనా అండీ?" అంది.

"నేనే."

"మంచి పని చేశారు. ఆ రోజు నుంచే నేను లలిత్‌ని గమనించడం మొదలుపెట్టాను." నవ్వకుండా చెప్పింది. కమిటీలో రెండు రోజులు రగడ జరిగిందట. దాచిపెడదామన్న ఇద్దరు రాజీనామా చేశారు. అప్లికేషన్ వెనక్కి తీసుకుని మళ్ళీ రాసి పంపారు. జవాబు ఇంకా రాలేదు. రాకపోవచ్చు కూడా. లలిత్ మీటింగులో అందరి ముందూ జరిగింది చెప్పాడని, వరూధినిని అనుమానించానని కూడా ఒప్పుకున్నాడని చెప్పింది. "అదొక్కటి చెప్పకపోయినా సరిపోయేది," అంది.

ఫైలులోంచి ట్రస్టు లెటర్ తీసి బల్ల మీద పెట్టింది. పలక ఒకటి కావాలి. మధ్యలో మూడు అంకె, కింద ఆ ఇంజను తయారైన ఏడు, 1926. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో పలక, ఒకటో నంబరు బదులు ఇది ఎట్లా మిగిలిందో నాలుగు వాక్యాల్లో.

"పాతగా కనబడాలా?" అని అడిగింది హేమలత.

"వద్దండీ. కొత్తదే కదా."

అచ్చు మారప్ప ఒత్తాడు. మొదటి పోత గాలి బుడగ పడి చెడింది, రెండోది కుదిరింది.

పలకలు బిగించే ఆదివారానికి మమత సెలవు పెట్టి పద్మనాభాన్ని సోమరేవు తీసుకుపోయింది. మారప్ప కూడా వెళ్ళాడు. హేమలతకు ఆ వారం ఒక స్కూలు షీల్డుల పని అడ్డుపడింది. సోమవారం మధ్యాహ్నం మారప్ప దుకాణానికి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా కూర్చున్నాడు.

"ఎట్ల జరిగింది?"

"పెద్దాయన పొద్దున్నించీ ఇంజను దగ్గరే. డ్రైవర్‌ని తిట్టి పెట్టినాడు. ఈడ గ్రీజు ఎవురు పూసినారు, ఆ నట్టు ఎవురు బిగించినారు అని. ఆ పిల్లోడు లలిత్, చేతులు కట్టుకొని అన్నీ రాసుకుంటా ఉండె."

"జైలూ గీలూ ఏమన్నారా?"

"పోర్టు ఆఫీసరు వచ్చినాడు. ముప్పై అయిదేళ్ళ కిందటి సంగతి, ఆ ఫోర్‌మనూ లేడు, ఆ ఫైలూ లేదు, నేనేం చెయ్యాలన్నాడు. పెద్దాయనకి అది విన్నా నమ్మకం కలగలా. రెండుసార్లు అడిగినాడు, మళ్ళీ రారు గదా అని."

మారప్ప నీళ్ళు తాగి ముఖం తుడుచుకున్నాడు.

"బండెక్కమంటే ఎక్కలేదమ్మా ఆయన. టికెట్లిచ్చే షెడ్డు పక్కకి పోయి నిలబడినాడు. ఏమైంది అని మమత పోయి అడిగింది. అప్పుడు అందరికీ వినబడేటట్లు చెప్పినాడు. 'ఒకటో నంబరుని ఈ చోటే కోశారు. గ్యాస్ కట్టర్ వాళ్ళకి ఇదే మూడోదని చెయ్యి పెట్టి చూపించింది నేనే. అదీ మాదే కదా' అన్నాడు. ఆ చెయ్యి అట్లే చాపి నిలబడినాడు."

"జనం ఏమన్నారు?"

"ఏమంటారు? చప్పట్లు కొట్టాలో ఊరుకోవాలో ఎవురికీ తెలియలా. వరూధినమ్మ పోయి ఆయన పక్కన నిలబడింది. కాసేపటికి ఇంజను కూత వేసింది, అందరూ పోయి బండెక్కినారు. గిడ్డంగుల దగ్గర నుంచి జెట్టీ దాకా పోయి వచ్చింది. తిరిగి వచ్చేదాకా ఆయన ఆడే ఉండాడు."

హేమలత లేచి, కొలిమి దగ్గర నుంచి మారప్పకి అన్నం డబ్బా తెచ్చి ఇచ్చింది. అతను తినడం మొదలుపెట్టాక, ఆమె స్కూలు షీల్డులలో మొదటిది తీసుకుని కిటికీ వెలుగులో అక్షరాలు సరిచూసుకుంటూ కూర్చుంది.